పత్తి అంటిన రాక్షసబల్లి

సైన్సు ప్రదర్శనల్లో జనానికి వివరణ చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, జనం మన మాట వింటారా? అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే కదా," అని వాళ్ల బెంగ. వింటారమ్మా. మనం ఒప్పజెప్పే పాఠం వినరు, మనకు ఆశగా ఉన్న సంగతి చెబితే వింటారు. ఈ ముక్క నాకు ఏ శిక్షణలోనూ దొరకలేదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆవరణలో, వార్నిషు ఆరని డైనోసారు బొమ్మ పక్కన నిలబడి తల బాదుకుంటుంటే దొరికింది. అది చెబుతాను.

మాది ఊరూరా తిరిగే ప్రదర్శన. ఒక లారీ, దాని మీద ఒక డైనోసారు, ఇద్దరు మనుషులం. వివరణ చెప్పేదాన్ని నేను. లారీ నడిపేదీ, బొమ్మను ఆడించేదీ, దాని మోటార్లు బాగుచేసేదీ మా డ్రైవరు. నర్మద ఒడ్డున దొరికిన ఎముకలను చూసి, మిగతాది ఊహించి చేసిన వేటజంతువు అది. నెత్తిన చిన్న కొమ్ము, బలమైన వెనక కాళ్లు, ఉన్నాయా లేవా అన్నట్టు రెండు చేతులు. ఇనప చట్రం మీద ఫోము, ఫోము మీద రబ్బరు తోలు. స్విచ్చి వేస్తే తల తిప్పి, నోరు తెరిచి, స్పీకరులోంచి అరుస్తుంది. ఆ అరుపు ఎవరు తయారుచేశారో గానీ సింహాన్నీ లారీ హారన్నీ కలిపి వాయించినట్టుండేది.

పైవాళ్లు రాసిచ్చిన వివరణ ఒకటుంది. "కోట్ల ఏళ్ల కిందట భూమిని గడగడలాడించిన భయంకర మాంసాహారి" అని మొదలవుతుంది. నేను గొంతు పెంచి చెప్పేదాన్ని, అది అరిచేది. మొదటిసారి పిల్లలు కెవ్వుమనేవాళ్లు. రెండోసారి నవ్వేవాళ్లు. మూడోసారి దాని నోట్లోకి వేరుసెనగ బుడ్డల పొట్టు విసిరేవాళ్లు. బొమ్మ పళ్ల సందుల్లోంచి ఆ పొట్టు ఏరుకోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

డ్రైవరుది హొళగుంద పక్క పల్లె. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. చిన్నప్పుడు గొర్రెలు కాసి, తర్వాత లారీ నేర్చుకున్నవాడు. నాకంటే కొంచెం చిన్న. ఎన్నేళ్లు కలిసి పనిచేసినా నన్ను మేడమ్ అనే పిలిచాడు. ఆయనది పక్కా ఉద్యోగం కాదు. బొమ్మ తిరిగినన్నాళ్లే ఆయనకు పని, బొమ్మ ఆగితే ఇంటికే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తేవాడు కాదు, నేను మాత్రం మర్చిపోయేదాన్ని కాదు.

లారీలో మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఆదోని కొండల కింద నుంచి పోతుంటే, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లను చూపించి ఆయన మొదలుపెట్టేవాడు.

"మనది ఈడుంటే యాడ పండుకుంటాది మేడమ్?"

"ఆ పెద్ద గుండు వెనక. పొద్దున్నే ఎండ తగిలే పక్క."

"అట్ల కాదు. పొద్దున ఎండపక్క, మద్యానం నీడపక్క. మా గొర్రెలట్లనే ఒళ్లు జరుపుకుంటా ఉంటాది. లేసి నడిసేది శానా తక్కువ."

నేను పుస్తకాల్లో చదివినది ఇందులో కలిపేదాన్ని. అంత బరువున్న జంతువు ఊరికే పరిగెత్తదు. ఒకసారి కడుపు నిండా తింటే కొన్నాళ్లు కదలదు. పొడవు మెడల శాకాహారులు మందలుగా వానల వెంట పోతుంటే ఇది వెనకాల దూరంగా పోతుంది. మందలో దూరదు, కాలు ఈడ్చేదాని కోసం చూస్తుంది. నీళ్ల దగ్గర దానికి ఓపిక ఎక్కువ. దాని ఎంగిలి తినడానికి చిన్న చిన్న జంతువులు, పేడలో బతికే పురుగులు, నీళ్లలో తాబేళ్లు. ఇదంతా కలిపి ఒక సంసారం. చేలు దాటి కాలువ రాగానే "ఈడ తాగుతాది" అనేవాడాయన. ఎమ్మిగనూరు చేరేలోపు మా జంతువు తిని, తాగి, గుడ్లు పెట్టి, పిల్లల్ని కూడా లేపేది.

ఒకరోజు స్టీరింగు మీద చెయ్యి అలాగే పెట్టుకుని అడిగాడు.

"కరువొస్తే మేడమ్?"

"కరువొస్తే శాకాహారులు చస్తాయి."

"అవి సస్తాంటే దీనికి పండగే కదా. యాడ సూసినా కూడే. తర్వాత ఎట్ల?"

రాయలసీమలో పుట్టినవాడికి కరువు గురించి నేనేం చెబుతాను? ఆ రోజు నుంచి మా ఆటలో కరువు కూడా వచ్చి కూర్చుంది.

మనసులో మాట చెప్పేస్తాను. నాకు ఆ జంతువును చూడాలని ఉండేది. బొమ్మను కాదు, దాన్ని. ఏ గుండు పక్కనో ఒళ్లు జరుపుకుంటూ, కళ్లు సగం మూసి ఊపిరి పీల్చుకునే దాన్ని ఒక్కసారి, దూరం నుంచి. చచ్చిపోయినవాళ్లను చూడాలని ఉంటే కనీసం ఫోటో ఉంటుంది. దీనికి అదీ లేదు. జరగని పని మీద ఇంత ఆశేమిటని నన్ను నేను తిట్టుకున్నాను గానీ ఆశ పోలేదు. ఆ ఆశ డ్రైవరుకూ ఉందని నాకు తెలుసు. మేమిద్దరం ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు, ఆట మాత్రం ఆడుకున్నాం.

ఇంతలో పైనుంచి ఫోన్ వచ్చింది. బొమ్మ పాతబడిందట, జనం తగ్గారట. ఎమ్మిగనూరు ప్రదర్శనకు పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూస్తారు. ఆయన సరేనంటే బొమ్మ తిరుగుతుంది, వద్దంటే గోదాముకు. నేనైతే ఆఫీసులో ఏదో ఒక కుర్చీలో సర్దుకుంటాను. డ్రైవరుకు సర్దుకోవడానికి కుర్చీ లేదు.

"కొంచెం మెరిపిద్దాం మేడమ్," అన్నాడు. "కొత్తగా కనపడితే ఆయప్ప సూస్తాడు."

అప్పుడు ఆదోనిలో ఉన్నాం. స్కూలు గ్రౌండులో ఏదో సభ జరుగుతుంటే, ఒక పత్తి వ్యాపారి, పత్తిలోంచి గింజ తీసే తన జిన్నింగు మిల్లు ఆవరణలో లారీ పెట్టుకోనిచ్చాడు. ఆదివారం, మిల్లు నిలిపి ఉంది. డ్రైవరు పొద్దున్నుంచీ కష్టపడి బొమ్మకు తల నుంచి తోక దాకా వార్నిషు కొట్టాడు. చిక్కటి వార్నిషు, ఆరడానికి పూటంతా పడుతుంది. ఎండలో తళతళ మెరుస్తుంటే ఇద్దరం మురిసిపోయి అన్నానికి వెళ్లాం.

మేం వెళ్లాక పత్తి బండ్లు వచ్చాయి. పత్తి సీజనులో ఆదివారమేంటి, సోమవారమేంటి. మిల్లు తిప్పారు. గాలి మా లారీ వైపే ఉంది.

తిరిగొచ్చేసరికి మా రాక్షసబల్లి తెల్లగా ఉంది. కొమ్ము, కాళ్లు, తోక, కనురెప్పలు, అంతటా దూది. తట్టినా పోదు. డ్రైవరు కిరసనాయిలు గుడ్డతో ఒక చోట తుడిస్తే రంగుతో పాటు వచ్చి, అక్కడ గజ్జి పట్టినట్టు తయారైంది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆదోనిలో, పత్తి మిల్లులో, పత్తి కాలంలో వార్నిషు కొట్టే మనిషి భూమ్మీద ఇంకెవడైనా ఉంటాడా అన్నాను. ఆ పొద్దున పక్కన నిలబడి "ఆ మెడ కింద ఇంకొంచెం కొట్టప్పా" అన్నది నేనే. ఆయన అది గుర్తుచేయలేదు.

మిల్లు యజమాని వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని బొమ్మ చుట్టూ తిరిగాడు.

"మా జేజినాయన కాలం నుంచి పత్తి యాపారం సేస్తాండాం," అన్నాడు. "ఇంత పెద్ద దూది బేలు మాత్రం సూడలేదు. అమ్మేదుంటే సెప్పండి."

డ్రైవరు నవ్వలేదు. లారీ ఎక్కి స్విచ్చి వేశాడు. తల తిరిగింది. నోరు తెరుచుకోలేదు. దవడ మోటారులో దూది చుట్టుకుపోయింది. స్పీకరు నిండా కూడా దూదే. ఎప్పుడూ వచ్చే ఆ హారను అరుపు రాలేదు. మూసిన నోట్లోంచి, ఎక్కడో గొంతు అడుగు నుంచి, హూఁ... అని ఒక ధ్వని వచ్చింది. లోతుగా, సాగుతూ. పాదాల కింద నేల సన్నగా అదిరింది.

మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లు పని ఆపి చూశారు.

డ్రైవరు ఇంకోసారి వేశాడు. మళ్లీ హూఁ... అంది. ఆయన కిందికి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఈ సద్దు నేను ఇన్నాను మేడమ్."

"ఎక్కడ?"

"మా ఊరి గడ్డి బీట్లో. బట్టమేక పిట్ట. ఇంతెత్తుంటాది. మగది గొంతు ఉబ్బిచ్చుకొని ఇట్లనే అంటాది. నోరు తెరవదు. అవతల బీట్లో ఉండే ఆడదానికి ఇనపడాల కదా. నేను గొర్రెలు కాసేటప్పుడు శానా ఉండె. రాను రాను ఒగటి మిగిలె. అది ఒగటే పిలుస్తాండె. నేను లారీ నేర్చుకొని వచ్చేతలికి అదీ లేదు."

అప్పుడు నాకు చదివినది గుర్తొచ్చింది. మొసలి నోరు మూసుకునే లోతుగా ధ్వని చేస్తుంది. ఉష్ట్రపక్షీ అంతే. డైనోసార్లకు ఇవాళ మిగిలిన చుట్టాలంటే ఒకవైపు మొసళ్లు, ఇంకోవైపు పక్షులు. చుట్టాలు ఇద్దరూ ఇలా పిలుస్తుంటే మధ్యలో ఇదొక్కటే సింహంలా ఎందుకు అరుస్తుంది? ఇన్నేళ్లూ దీని నోటికి మేం తగిలించింది ఇంకెవరి గొంతో. దూరం నుంచి చూస్తే ఆ తెల్లటి నూగుతో అది గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పక్షిపిల్లలా ఉంది. అంత పెద్ద శరీరాన్ని చూసి నాకు మొదటిసారి జాలేసింది.

"తుడవొద్దు," అన్నాను.

"మేడమ్, ఆఫీసరు..."

"తుడిస్తే గజ్జి. తుడవకపోతే పత్తి. పత్తే నయం. పద."

ఎమ్మిగనూరు దారిలో జనం బళ్లు ఆపి చూశారు. ఆ రోజు మేం ఆట ఆడలేదు. చెప్పబోయే మాటలు లోలోపల కూర్చుకుంటూ నేను, రోడ్డు చూసుకుంటూ ఆయన.

మర్నాడు సాయంత్రం స్కూలు గ్రౌండులో ప్రదర్శన. మగ్గాలు దిగి వచ్చిన నేతవాళ్లు, పిల్లలు, చేలలోంచి ఆటోల్లో దిగిన కూలీ ఆడవాళ్లు. పెద్దాఫీసరు జీపు దిగి, ప్లాస్టిక్ కుర్చీ దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటమ్మా, గొర్రెను తెచ్చారు?"

"పత్తి సార్."

"కనిపిస్తూనే ఉంది," అని కూర్చున్నాడు. ఆ ముఖం చూశాక ఇక పోయేదేమీ లేదనిపించింది. పైవాళ్లు రాసిచ్చినది మొదటి వాక్యం దగ్గరే వదిలేశాను.

"ఈ తెల్లది దాని ఒళ్లు కాదు," అని మొదలుపెట్టాను. "ఇది మా పొరపాటు. ఆదోని పత్తి." జనం నవ్వారు. "కొన్ని వేట డైనోసార్లకు ఈకలుండేవని గుర్తులు దొరికాయి. దీనికి ఉన్నట్టు మాత్రం ఎక్కడా దొరకలేదు. దీన్ని చూసిన మనిషి లేడు. నేనూ చూడలేదు. చూడాలని నాకు చాలా ఆశ. అందుకని మేం ఒక ఆట ఆడుకుంటాం. ఇది ఈ ఎమ్మిగనూరులో ఉందనుకోండి. ఎక్కడ పడుకుంటుంది?"

ఇక ఆగలేదు. ఒకరు కొండ అన్నారు, ఒకరు కాలువ గట్టు అన్నారు. ఒక నేతాయన "మా ఈదిలో పండుకుంటే పడుగులు యాడ ఆరేసుకోవాల?" అంటే గ్రౌండంతా నవ్వింది. నేను ఎండనూ నీడనూ చెప్పాను, మందనూ కుంటుకుంటూ వెనకబడే దాన్నీ చెప్పాను. గుడ్లు పొదిగేటప్పుడు ఆకలితో కూర్చుని ఉండొచ్చన్నాను. తర్వాత డ్రైవరు అడిగిన కరువు చెప్పాను. మొదట దానికి పండగ. చచ్చినవన్నీ దానికి కూడే. తర్వాత మందలు లేవు. తర్వాత పిల్లలు లేవు. ఇక్కడికి వచ్చేసరికి గ్రౌండులో సద్దు తగ్గింది. కరువంటే వాళ్లకు నేను వివరించాల్సింది ఏమీ లేదు.

"ఎప్పటికో వాన పడుతుంది," అన్నాను. "ఒకటి మిగిలింది. ఇంకోటి ఎక్కడైనా ఉందేమో దానికి తెలియదు. పిలుస్తుంది."

డ్రైవరు స్విచ్చి వేశాడు. తల మెల్లగా కొండ వైపు తిరిగింది. హూఁ... అంది.

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక కూలీ అమ్మ సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేలలో ఒకరు ఈ గట్టు నుంచి కేకేస్తే ఆ గట్టు నుంచి పలకడం వాళ్లకు రోజూ ఉన్నదే. ఆమె తల ఎత్తి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పలికింది.

"ఓ..."

వెనకాల పిల్లలు గొల్లుమన్నారు. ఆమె వెనక్కి తిరిగింది.

"ఏం నగుతారురా? అంత సేపట్నుంచి పిలుస్తాంటే పలకొద్దా?"

నవ్వు ఆగిపోయింది. డ్రైవరు నన్ను చూశాడు. నేను తల ఊపాను. మళ్లీ స్విచ్చి వేశాడు. ఈసారి ఆమెతో పాటు ఇంకో నలుగురు పలికారు. మూడోసారికి గ్రౌండు గ్రౌండంతా పలికింది. "ఓ..." అని అంతమంది గొంతు. బొమ్మ తల ఆ గొంతు వైపు తిరిగింది. తిప్పింది డ్రైవరే, నాకు తెలుసు. తెలిసినా నా కళ్లలో నీళ్లు ఆగలేదు.

జనం పోయాక పెద్దాఫీసరు లారీ దగ్గరకు వచ్చాడు. డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అరుపు ఎందుకు మార్చావు?"

"మార్సలేదు సార్. పత్తి పడినాది."

"పత్తి తీసేస్తే మళ్లీ అరుస్తుందా?"

"అరుస్తాది సార్. తెల్లారేలోపు బాగుచేస్తా సార్."

ఆయన బొమ్మ వైపు కాసేపు చూశాడు. "అయితే తియ్యొద్దు," అని జీపెక్కాడు.

అలా మా జంతువు బతికింది, డ్రైవరు పని నిలిచింది. ఏటా పత్తి కాలంలో ఆదోని మిల్లుకు తీసుకెళ్లి, ఆ ఆవరణలోనే వార్నిషు కొట్టి గాలికి నిలబెట్టేవాళ్లం. వానలకు మాసిపోయిన దూది మీద కొత్త దూది పట్టేది. యజమాని పెద్ద పెళ్లి చేయిస్తున్నవాడిలా దగ్గరుండి, "ఆ పక్కకు తిప్పండప్పా, తోకకు తక్కువైంది," అనేవాడు. చిప్పగిరిలో పలికారు, కృష్ణగిరిలో పలికారు, హొళగుందలో కన్నడంలో పలికారు. అలాంటి కాలం మళ్లీ నాకు రాలేదు.

తర్వాత కొత్తది వచ్చింది. రిమోటుతో నడుస్తుంది, కళ్లు ఎర్రగా వెలుగుతాయి, నోరు తెరిస్తే ఊరు దద్దరిల్లే అరుపు. దానికి లారీ డ్రైవరు అక్కర్లేదు, మామూలు వ్యానులో పడుతుంది. దాని పక్కన నిలబడి కూడా కొన్నాళ్లు వివరణ చెప్పాను, జీతం తీసుకున్నాను, రిటైరయ్యాను. ఆయన ఊరికి పోయి గొర్రెలు కొనుక్కున్నాడు. ఇప్పటికీ ఎప్పుడైనా ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సెక్కితే కిటికీ సీటు కోసం పోట్లాడతాను. గుండ్లు కనిపించగానే, మనది ఇక్కడుంటే అని నోటిదాకా వస్తుంది. పక్క సీటులో ఎవరో కొత్త మనిషి ఉంటాడు.

పాతదాన్ని గోదాములో వదిలిన రోజు చెప్పి ఆపేస్తాను. రేకుల షెడ్డు, విరిగిన బల్లలు, పాత బోర్డులు. కూలీలు దాన్ని మూలకు నెట్టి వెళ్లిపోయారు. డ్రైవరు తోక మీద దుమ్ము దులిపాడు, దూది ఊడిన చోట వేళ్లతో సర్దాడు. తర్వాత నన్ను అడక్కుండానే వైరు తీసుకుని గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాడు.

తల తిరగలేదు, ఆ మోటారు అప్పటికే పోయింది. గొంతు మాత్రం వచ్చింది. హూఁ... అని రేకుల కింద ఒకసారి మోగి ఆగిపోయింది. ప్రదర్శనల్లో ఆగినట్టే ఆయన స్విచ్చి మీద వేలు పెట్టి, తల వంచుకుని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

తలుపు దగ్గర నుంచి నేను "ఓ..." అన్నాను.

ఆయన ప్లగ్గు పీకి, వైరు చుట్ట చుట్టి, బొమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

"సాల్లే అక్కా," అన్నాడు. "ఒకరు పలికినారు."